ఆఖరి నంబరు

పత్తర్‌గట్టి వెనక సందులో ఉన్న సర్కారు దవాఖానాలో చీటీలు రాసే ఈశ్వరయ్యకు ఈ లోకంలో నచ్చిన మనిషి ఒక్కడూ లేడు. రోగులంటే రోత, డాక్టరంటే వెటకారం, పై ఆఫీసు వాళ్ళంటే కడుపుమంట. ఇరవై ఆరేళ్ళుగా ఒకే కిటికీ వెనక కూర్చుని, జనం మొహాలు చూసే శ్రమ పెట్టుకోకుండా, కిటికీలోకి వచ్చిన చేతులు మాత్రమే చూస్తూ పని కానిచ్చాడు. పేరేంది, ఏజెంత, ఏం బీమారి, ఎక్కడుంటవ్ అని నాలుగు ప్రశ్నలూ ఒక్క దమ్ములో అడిగేవాడు. అర్థంకాక ఎవరైనా నీళ్ళు నమిలితే వాళ్ళ నాన్ననూ తాతనూ కూడా కలిపి తిట్టేవాడు.

"పాత చీటీ ఏదీ? పాత చీటీ లేకుంటే మందు లేదు. కోమటోని పద్దు కాయితం దాచుకుంటరు గని దవాఖానా చీటీ దాచుకోవస్తలేదా?" అనేది రోజుకు వందసార్లు అనే మాట. ఆ మాటకు భయపడి చుట్టుపక్కల బస్తీల ఆడవాళ్ళు పెళ్ళిచీర మడతల్లో కూడా చీటీలు దాచుకునేవారు. ఆ సంగతి తెలిసి ఈశ్వరయ్య ఇంకా అసహ్యించుకున్నాడు.

ఆ దవాఖానాకు ఒక హద్దు ఉంది. ఫలానా గల్లీల వాళ్ళకే మందు, అవతలి గల్లీ వాళ్ళు ఇంకో దవాఖానాకు పోవాలి. ఆ ఇంకో దవాఖానాకు పోవాలంటే రెండు మైళ్ళు నడవాలి. అందుకని అవతలి వాళ్ళంతా ఇక్కడికే వచ్చి ఏడ్చేవాళ్ళు. ఈశ్వరయ్య దానికొక ఉపాయం కనిపెట్టాడు. దవాఖానా వెనకాల ఏ కాలంనాటి నవాబుదో కూలిపోయిన దేవిడీ భవంతి ఒకటి ఉంది. హద్దు బయటి వాళ్ళు ఎవరొచ్చినా చీటీ మీద ఆ దేవిడీ ఇంటి నంబరు రాసి పారేసేవాడు. జాలితో అనుకునేరు, ఆ గుణం ఆయనలో మచ్చుకు కూడా లేదు. తిప్పి పంపితే ఏడుస్తారు, ఏడిస్తే లైను ఆగుతుంది, లైను ఆగితే చాయ్ చల్లారుతుంది. అంతే సంగతి. సర్కారు రికార్డు ప్రకారం కప్పు కూడా లేని ఆ దేవిడీలో నాలుగు వందల మంది కాపురం ఉంటున్నారు. నిజానికి అక్కడ ఉండేవి ఎనిమిది మేకలు.

పంతొమ్మిది వందల ఎనభై మూడు ఎండాకాలంలో ఈ దవాఖానా మీద పెద్దల కన్ను పడింది. పేదలకు మందుతో పాటు కోర్టు సలహా కూడా దవాఖానాలోనే ఇప్పిస్తే బాగుంటుందని ఎవరికో తోచింది. రోగమూ బీదతనమూ కలిసే ఉంటాయి కాబట్టి డాక్టరూ వకీలూ కూడా కలిసే ఉండాలట. ఒక మధ్యాహ్నం మూడు మోటార్లలో వచ్చారు. గులాబీ దండలు వేసుకున్నారు, వేయించుకున్నారు. లోపల జ్వరాలతో ఉన్నవాళ్ళను గంటసేపు ఎండలో నిలబెట్టి పేదల బాధలు వాళ్ళకే వినిపించారు. ఉస్మానియా బిస్కెట్లు తిని వెళ్ళిపోయారు. ఆ వైభవమంతా పోగా మిగిలింది ఒక బల్ల, రెండు కుర్చీలు, 'ఉచిత న్యాయ సలహా, ప్రతి శనివారం' అనే బోర్డు, దాని వెనక సీమోను అనే కుర్ర వకీలు.

బల్ల ఎక్కడ వేయాలో చూపించమంటే ఈశ్వరయ్య ఎంతో ఆలోచించి పాయఖానా తలుపు పక్కన చోటు చూపించాడు.

సీమోను బల్ల అక్కడే వేసుకున్నాడు. వాళ్ళమ్మ ఏదో మిషన్ ఆస్పత్రిలో ఆయాగా పనిచేసి వీణ్ణి చదివించింది. ఫినాయిల్ వాసనకు వాడు కొత్తవాడు కాదు. మొదటి రెండు శనివారాలు ఒక్క మనిషి బల్ల దగ్గరికి రాలేదు. పాయఖానాకు పోయేవాళ్ళు మాత్రం దారి అడిగారు. మూడో శనివారం సీమోను బల్ల వదిలేసి లైను వెంబడి నడవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కరినీ ఆపి, ఇల్లు ఎక్కడ, నీళ్ళు ఎక్కడివి, పని ఏంటి అని అడుగుతున్నాడు. తన లైనులో ఇంకొకడు వేలు పెట్టేసరికి ఈశ్వరయ్యకు ఒళ్ళు మండిపోయింది.

"వకీల్ సాబ్, జరమొచ్చినోనికి గోలీ గావాలె గని చట్టం దఫా నంబరు గాదు. మీ మేజ కాడ కూసోండ్రి. ఆడ హవా గూడ మంచిగున్నది" అన్నాడు కిటికీలోంచి.

లైన్లో ఇద్దరు ముగ్గురు నవ్వారు. సీమోను కూడా నవ్వి, లైను చివరికి పోయాడు. అక్కడ గోడకు ఆనుకుని ఆగమ్మ నిలబడి ఉంది. ఆమె భుజం మీద కూతురు రాజమణి, ఏడేళ్ళ పిల్ల, ఐదేళ్ళ పిల్లంత బరువు కూడా లేదు.

ఆగమ్మ లాడ్ బజార్‌లో ఒక గాజుల దుకాణంలో గాజులు డజన్ల లెక్కన దారం కట్టి పేర్చే పని చేస్తుంది. మొగుడు ఓదెలు బట్టల మార్కెట్లో మూటలు మోస్తాడు. పాలవ్యాపారి గుండయ్య అహాతాలో, ఆ ప్రహరీ లోపల బర్ల కొట్టం వెనక, ఒక్క అర్రలో కాపురం. ఆ అర్రకు దారి కొట్టంలోంచే. బర్రెల కింది తడిలోంచి నడిచి రావాలి కాబట్టి చీర అంచు ఎప్పుడూ తడిగా, పేడ వాసన వేస్తూ ఉంటుంది. ఎనిమిదేళ్ళ కిందట ఆమె కడుపుతో మొదటిసారి వచ్చినరోజే ఈశ్వరయ్య ముక్కు మూసుకుని, వేలు చూపించి లైను ఆఖరుకు పంపాడు. అప్పటి నుంచి ఎంత పొద్దున్నే వచ్చినా ఆమె చోటు ఆఖరే. మారుమాట్లాడకుండా పోయి నిలబడేది. ఆ అణకువ చూసి కూడా ఈశ్వరయ్య పెదవి విరిచేవాడు.

"పాపకేమైందమ్మా?" అని సీమోను అడిగాడు.

"నెత్తురు విరేచనాలు సారూ. నాలుగు నెలలల్ల గిది నాలుగోసారి. మందు మింగితె ఎనిమిదొద్దులు మంచిగుంటది. మల్ల మొదలైతది."

"నీళ్ళు ఎక్కడియి తాగుతున్నరు?"

"ఎనుక పాత బాయి ఉన్నది సారూ. మోరి పక్కన. గా బాయిలకెల్లే చేదుకొస్తున్న."

"నల్లా లేదా?"

"ఉండె. గుండయ్య సేటు నాలుగు నెలల కింద బంద్ జేసిండు. అర్ర ఖాలీ జెయ్యమంటడు, ఆడ దుకాణాలకు మల్గీలు కట్టిస్తడంట. మేమెక్కడికి పోవాలె అన్నం. గట్లన్న తెల్లారే మేస్త్రీని తోల్కొచ్చి నల్లాకు కట్టె బిరడా గొట్టిచ్చిండు. బర్లకు మాత్రం వేరే నీళ్ళ హౌజు ఉన్నది, గవి మంచి నీళ్ళే తాగుతయ్."

సీమోను ఆమెను నేరుగా డాక్టర్ సోమశేఖర్ గదిలోకి తీసుకుపోయాడు. డాక్టరు నాలుగు చీటీల మీదా ఒకే మందు రాసి, నాలుగుసార్లూ 'నీళ్ళు కాచి తాగండి' అని ఒకే ముక్క చెప్పిన మనిషి. ఏ నీళ్ళని అడగాలని ఆయనకు నాలుగుసార్లలో ఒక్కసారి కూడా తోచలేదు. ఎంబీబీఎస్‌లో అది లేదు మరి. ఇప్పుడు సీమోను చెబుతుంటే విసుగ్గా విన్నాడు. తరవాత పిల్ల పొట్ట మీద చెయ్యి వేసి, కింది కనురెప్ప లాగి చూశాడు.

"ఇంకోసారి గనక గిట్లనే అయితే నేను గ్యారంటీ ఇయ్యలేను. పిల్ల ఒంట్ల ఏం మిగల్లేదు. మంచి నీళ్ళు గావాలె, నా మందు పనిజెయ్యదు" అన్నాడు. అడిగిన మీదట ఆ మాటే కాయితం మీద రాసి సంతకం పెట్టాడు. ఆయన రాసిన వాటిల్లో పనికొచ్చే కాయితం అదొక్కటే అని ఈశ్వరయ్య తరవాత అందరికీ చెప్పి నవ్వాడు.

కిరాయికి ఉండేవాళ్ళ నీళ్ళు ఆపడానికి ఇంటాయనకు హక్కు లేదని, రెంట్ కంట్రోలర్ కచేరీలో అర్జీ పెడితే నల్లా మళ్ళీ తిప్పిస్తారని సీమోను చెప్పాడు. ఆగమ్మ నమ్మలేదు. ఆమెకు తెలిసిన కచేరీలన్నీ ఉన్నదాన్ని ఊడబెరికేవే. అయినా పిల్ల మొహం చూసి వేలిముద్ర వేసింది.

గుండయ్య వకీలు ఒక్క ముక్కలో జవాబు రాయించాడు. ఆగమ్మ అనే మనిషి తనకు కిరాయిదారే కాదని, పాలు పిండేవాడి చుట్టమని, నాలుగు నెలల కింద వచ్చి దిగబడిందని. ఎనిమిదేళ్ళుగా ఓదెలు నెలనెలా కిరాయి చేతికిచ్చాడు. రసీదు లేదు. ఆ బస్తీలో రసీదు అడగడమంటే మనిషి మొహం మీదే నమ్మకం లేదని చెప్పడం. ఎవరూ అడగరు, అడిగితే ఆ రోజే సామాను బయట ఉంటుంది. రేషన్ కార్డుకు ఇంటాయన సంతకం కావాలి, గుండయ్య ఎన్నడూ పెట్టలేదు. పక్క అర్రల వాళ్ళు ఈపాటికే భయపడి ఖాళీ చేసి పోయారు.

"ఎనిమిదేండ్ల సంది ఆడనే ఉంటున్నట్టు ఏదన్న కాయితం ఉన్నదా అమ్మా? ఏదైనా సరే" అని సీమోను అడిగాడు.

ఆగమ్మ మొహం వికసించింది. "ఉన్నయ్ సారూ! మస్తున్నయ్! దవాఖానా చీటీలు ఒక్కటి గూడ పారెయ్యలే. పారేస్తే కిటికీ కాడి మా సారు తిడుతడు గద."

మరుసటి శనివారం ఒక గుడ్డసంచి తెచ్చి బల్ల మీద కుమ్మరించింది. ఎనభై మూడు చీటీలు. తన కానుపువి, మొగుడి దగ్గువి, పిల్లవి, అన్నిటికీ లైనులో నిలబడింది తనే. ప్రతిదాని మీదా తారీకు, ఆ రోజు లైను నంబరు, దవాఖానా ముద్ర. సీమోను గబగబా తిప్పాడు. తిప్పుతున్నకొద్దీ మొహం పాలిపోయింది. ఎనభై మూడింటి మీదా కూలిన దేవిడీ నంబరే ఉంది. గుండయ్య అహాతా హద్దుకు ఒక్క గల్లీ అవతల. ఆ కాయితాలు కోర్టులో పెడితే గుండయ్యే దండ వేసి తీసుకుంటాడు.

సీమోను కిటికీ దగ్గరికి వచ్చాడు. ఈశ్వరయ్య తల ఎత్తలేదు.

"ఈశ్వరయ్యగారూ, ఈ ఇంటి పతా తప్పు అని మీకెర్కేనా?"

"ఎర్కే. నేనే రాసిన. రాయకుంటే గీమెకు మందు దొరకకపోతుండె."

"అదే మాట కచేరీల చెప్పాలె. మీరు చెప్తేనే నల్లా వస్తది."

ఈశ్వరయ్య కలం కింద పెట్టాడు. ఈ కుర్రకుంకకు మతి ఉందా లేదా అని చూశాడు. "నాకు రెండేండ్లల్ల పింఛను. సర్కారు రిజిస్టర్ల ఇరవయ్యారేండ్లు దొంగ పతాలు రాసిన అని నా నోటితోని నేనే జెప్పాలెనా? గామె బిడ్డకు కడుపునొస్తే నా కడుపు మీద కొట్టుకోవాలెనా? మీ మేజ కాడికి పోండ్రి. ఎవనికో పాయఖానా ఎటున్నదో ఎర్కలేదంట, చూపియ్యుండ్రి."

ఆగమ్మ అంతా వింటూ నిలబడింది. ఏడవలేదు, కాళ్ళమీద పడలేదు. చీటీలన్నీ తారీకు ప్రకారం మళ్ళీ పేర్చుకుని సంచిలో పెట్టుకుంది. పోతూ పోతూ ఈశ్వరయ్యకు రోజూలాగే దండం పెట్టి పోయింది. ఆ దండానికి ఈశ్వరయ్యకు రెండు రోజులు చిరాకు వదల్లేదు.

కచేరీలో విచారణ వారం దూరంలో ఉందనగా ఆదివారం పొద్దున గుండయ్య స్వయంగా శాలిబండలో ఈశ్వరయ్య ఇంటికి వచ్చాడు. తెల్లటి ధోవతి, చేతిలో ఇత్తడి క్యాను. పిలవకుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మస్తు దినాలైంది ఈశ్వరయ్యా. ఆ కిరస్తానీ వకీలు నీ ఎంటపడ్డడంట గద. నువ్వేం పరేషాన్ గాకు. నువ్వు జెయ్యాల్సింది ఏం లేదు. రాసింది గట్లనే ఉండనియ్యి, గంతే. రేపటి సంది రోజు శేరు పాలు ఇంటికొస్తయ్."

"నేను కచేరీకి వస్తనన్నన్నా, రానన్నన్నా?"

"రావు భాయ్, నాకెర్కే. నువ్వు చిట్టీలు రాసేటోనివి. పైన ఎవడు ఏం జెప్తే గదే రాస్తవ్. నీ అసుమంటోనికి గింత పాలు సరిపోతయ్ అని మా ఇంట్ల గూడ చెప్పొచ్చిన" అని నవ్వుతూ భుజం తట్టి, క్యాను అక్కడే వదిలి లేచాడు.

ఈశ్వరయ్య పాలు తిప్పి పంపలేదు. అంత మహాత్ముడేమీ కాదు. భార్య సుశీలమ్మ ఆ పాలతోనే చాయ్ పెట్టింది. ఒక గుక్క తాగి ఈశ్వరయ్య గ్లాసు దీపం వెలుగుకు ఎత్తినట్టు కిటికీ వైపు ఎత్తి చూశాడు. సగం నీళ్ళు. తనను కొనడానికి తెచ్చిన పాలలో కూడా నీళ్ళు కలిపాడు గుండయ్య. అంతమాత్రం ధర కూడా పెట్టలేదు తనకు. ఇరవై ఆరేళ్ళుగా తను లోకాన్నంతా ఎంత చులకనగా చూశాడో, అంతకన్నా చులకనగా తనను ఒకడు, అదీ పేడలో పొర్లే ఒక పాలవాడు, తన ఇంట్లోనే కూర్చుని చూసిపోయాడు. ఆ అవమానం ముందు పింఛను కూడా చిన్నదిగా కనిపించింది. కచేరీకి పోవడానికి ఈశ్వరయ్యకు ఆ నీళ్ళ చాయ్ చాలింది. ఆగమ్మ బిడ్డ సంగతి ఆ పొద్దున ఆయన తలపుకు కూడా రాలేదు. ఆయన గురించి లేనిపోని మంచి చెప్పడం నాకు ఇష్టం లేదు.

కచేరీ రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎనిమిదేళ్ళ రిజిస్టర్లు కట్టలు కట్టి రిక్షాలో వేసుకుని పోయాడు. సీమోను నమ్మలేక చూశాడు. ఆగమ్మ తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పిల్ల ఆమె భుజం మీద కళ్ళు మూసుకుని ఉంది. పొద్దున మళ్ళీ రెండుసార్లు నెత్తురు పడిందని సీమోను మెల్లగా చెప్పాడు.

హద్దు బయటి వాళ్ళందరికీ దేవిడీ నంబరే రాశానని ఈశ్వరయ్య చెప్పగానే గుండయ్య వకీలు లేచి నిలబడ్డాడు. నల్లకోటు సర్దుకుంటూ ముసిముసిగా నవ్వుతున్నాడు.

"అయితే సర్కారు రికార్డులో అబద్ధం రాసిన అని నువ్వే ఒప్పుకుంటున్నవ్. అప్పుడు అబద్ధం రాసినోడు ఇప్పుడు నిజం చెప్తున్నడని ఎట్ల నమ్మాలె?"

"అప్పుడు అబద్ధం రాస్తే నాకు ఫాయిదా ఉండె. లైను జల్ది అయిపోతుండె. ఇప్పుడు నిజం జెప్తే నా నౌక్రీ పోతది. నష్టానికి ఎవడన్న అబద్ధం ఆడుతడా సార్? మీరు ఆడుతరా?"

కంట్రోలరు, కళ్ళజోడు పెట్టుకున్న ముసలాయన, తల వంచుకుని ఏదో రాసుకున్నాడు. వకీలు నవ్వు తగ్గింది.

"రోజుకు ఎంతమంది వస్తరు నీ కిటికీకి?"

"రెండొందలు, మూడొందలు."

"అంతమందిల ఈమె మా సేటు అహాతాల ఉంటదని నీకెట్ల తెలుసు? ఎన్నడన్న పోయి చూసినవా?"

"పోలే."

"ఆమె మొహమన్న ఎన్నడన్న సరిగ చూసినవా?"

ఈశ్వరయ్య ఆగాడు. నిజమే, చూడలేదు. "లే" అన్నాడు.

"మొహం చూడలే, ఇల్లు చూడలే. మరి ఏం చూసి చెప్తున్నవయ్యా?"

గదిలో నవ్వులు వినిపించాయి. గుండయ్య అందరికన్నా గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు వినేసరికి ఈశ్వరయ్యకు నోటికి అడ్డు లేకుండా పోయింది.

"వాసన చూసి సార్! గీమె వస్తే కిటికీ కాడికే పెండ వాసనొస్తది. చీర అంచుకు బర్ల ఉచ్చ. మొదటినాడే అడిగిన, ఎక్కడికెల్లి వచ్చినవే, ఇట్ల కంపు గొడుతున్నవ్ అని. గుండయ్య సేటు బర్ల కొట్టమెనుక అర్ర అన్నది. గప్పుడే లైన్లకెల్లి తీసి అందర్ల ఆఖర్న నిలబెట్టిన. ఎనిమిదేండ్ల సంది నిలబెడుతున్న. అందరికన్న ముందొచ్చినా ఆఖర్నే. కానుపు నొప్పులొచ్చిన దినం గూడ ఆఖర్నే నిలబెట్టిన. నా మాట నమ్మకుంటే రిజిస్టర్లు తెరవుండ్రి. గామె సంచిల ఎనభై మూడు చీటీలున్నయ్. ఏ చీటీ తీసినా గా దినానికి ఆఖరి నంబరు ఆమెదే. మూడొందల మందిల రోజు ఒక్క మనిషే ఆఖర్న ఎట్ల వస్తది సార్, ఎవడో పెడితే గద!"

కంట్రోలరు చేయి చాచాడు. సీమోను సంచి విప్పి ఒక చీటీ ఇచ్చాడు. పంతొమ్మిది వందల డెబ్భై ఆరు, రెండు వందల పద్నాలుగో నంబరు. రిజిస్టరు తెరిచారు. ఆ తారీకు పేజీ రెండు వందల పద్నాలుగుతో ముగిసింది, పేరు ఆగమ్మ. ఇంకో చీటీ. నూట తొంభై ఏడు. ఆ పేజీ నూట తొంభై ఏడుతో ముగిసింది. ఇంకోటి. ఇంకోటి. పది చూసి ముసలాయన రిజిస్టరు మూశాడు. గదిలో ఎవరూ నవ్వడం లేదు.

ఈమె ఎనిమిదేళ్ళుగా ఆ కొట్టం వెనకే ఉంటున్నదని, కిరాయిదారేనని, మూడు రోజుల్లో నల్లా తిప్పి నీళ్ళు ఇవ్వకపోతే గుండయ్య ఖర్చుతో సర్కారే తిప్పిస్తుందని అక్కడికక్కడే చెప్పి రాయించాడు. గుండయ్య మొహం చూడాల్సిందే. ఆయన వకీలు మాత్రం లేచి, ఈ గుమాస్తా వాంగ్మూలం నకలు తమకు కావాలని, వైద్యశాఖకు పంపిస్తామని అన్నాడు.

"మీరు పంపకున్నా నేను పంపాలె" అన్నాడు కంట్రోలరు, ఈశ్వరయ్య వైపు చూడకుండా. "సోమవారం సంది ఆ కిటికీ కాడ ఈయన ఉండడానికి లేదు."

ఈశ్వరయ్య మెట్లు దిగి బయటికి వచ్చాడు. నౌకరీ పోయిందన్న దిగులు ఇంకా ఎక్కలేదు. గుండయ్య మొహం తలుచుకుంటే కడుపు నిండినట్టుంది. బతుకులో మొదటిసారి ఒక మనిషికి మేలు చేశాడు, అది తనకు తెలుస్తూనే ఉంది, దాన్ని ఎవరైనా నోటితో చెబితే వినాలని కూడా ఉంది. అందుకే వెంటనే పోకుండా మెట్ల దగ్గర నిలబడ్డాడు. సీమోను వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. రిక్షా పిలిచి వస్తా, పాపను పెద్ద దవాఖానాకు తీసుకుపోదాం అని ఆగమ్మతో చెప్పి రోడ్డు మీదికి పరుగెత్తాడు.

ఆగమ్మ పిల్లను ఎత్తుకుని ఈశ్వరయ్య ముందుకు వచ్చింది. నాలుగడుగులు దూరంగానే ఆగింది. ఎప్పుడూ పెట్టే దండం ఈసారి పెట్టలేదు.

"సారూ, ఒక మాట అడగాల్నా?"

"అడుగు."

"నన్ను ఆఖర్న ఎందుకు నిలబెడుతున్నరో నేను గియ్యాల దాక ఏమనుకున్ననో ఎర్కేనా?"

ఈశ్వరయ్య ఇస్త్రీ చొక్కా మడత సర్దుకున్నాడు.

"మొదటినాడు నేను కడుపుతోనుంటి. భీడ్‌ల ఒత్తుకుంటరని, అందరు పోయినంక డాక్టర్ నిమ్మళంగ చూస్తడని మీరు ఆఖర్కు పంపిన్రనుకున్న. నోరే గరం గని మా సారుది మంచి మనసు అనుకున్న. ఎనిమిదేండ్లు గట్లనే అనుకున్న సారూ. మా గల్లీల అందరికి చెప్పిన. ఎవలన్న మిమ్మల్ని తిడితే లొల్లి పెట్టుకున్న. గీ పిల్లకు గూడ గదే చెప్పిన, సారు మనకోసమే ఆఖర్న పెడుతడు బిడ్డా అని."

ఆమె గొంతులో కోపం లేదు. కోపమే ఉంటే ఈశ్వరయ్యకు బదులు చెప్పడం వచ్చేది. ఇరవై ఆరేళ్ళు దానికే బదులు చెబుతూ బతికాడు.

"నల్లా ఇప్పించిన్రు. మీ పేరు జెప్పుకుని తాగుతం" అని, రిక్షా వచ్చిన చప్పుడు విని ఆమె తిరిగింది.

ఈశ్వరయ్య అప్పుడు మొదటిసారి ఆమె మొహం చూశాడు. ముప్ఫై కూడా నిండని మనిషి. ఇన్నేళ్ళూ ముసలిది అనుకున్నాడు. ఈసారి వస్తే అందరికన్నా ముందు పిలుస్తానని చెప్పాలని నోరు తెరిచాడు. ఆ కిటికీ వెనక సోమవారం నుంచి ఇంకొకడు కూర్చుంటాడని గుర్తొచ్చింది. ఆ ఇంకొకడు పతా సరిగ్గా రాస్తాడు. సరిగ్గా రాస్తే, హద్దు బయటి మనిషి కాబట్టి, ఆమె ఆ లైనులో ఆఖరున కూడా నిలబడడానికి లేదు.